పసిబిడ్డతో బీచ్‌కు: బయల్దేరే ముందు నుంచి ఇంటికొచ్చి స్నానం చేయించే దాకా

పసిబిడ్డను బీచ్‌కు తీసుకెళ్తున్నామనగానే ఇంట్లో పెద్దవాళ్లు ముందు అడిగేది నీళ్ల గురించే. అలలు, చలిగాలి, జలుబు. ఆ భయంలో అర్థం లేకపోలేదు. కానీ బిడ్డను నీళ్లకు దూరంగా ఉంచడం మన చేతిలో పని, ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి వస్తే అయిపోయింది. ఎండ అలా మాట వినదు. పైనుంచి పడుతుంది, ఇసుక మీద పడి తిరిగి లేస్తుంది, గొడుగు కింద కూర్చున్నా పక్కనుంచి వచ్చి తాకుతుంది. అందుకే ఈ ప్రయాణం ప్లానింగ్ అంతా ముందు ఎండ, వేడి చుట్టూ తిరగాలి. మిగతావి ఆ తర్వాత.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. మొదటిసారి అరగంట చాలు, మహా అయితే గంట. బిడ్డ హాయిగా ఉన్నప్పుడే లేచి వచ్చేయాలి. ఏడుపు మొదలయ్యాక ఒక చేత్తో బిడ్డను ఊపుతూ రెండో చేత్తో దుప్పటి దులిపే పని ఎవరికీ వద్దు.

1. ముందు వయసు చూసుకోండి

బిడ్డకు రెండు మూడు నెలలు కూడా నిండకపోతే కాస్త ఆగమనే నా సలహా. ఆ వయసుకు టీకాలు ఇంకా పూర్తిగా పడి ఉండవు. జనం ఉన్న చోట దగ్గూ జలుబూ ఇట్టే అంటుకుంటాయి. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ చేరిందంటే ఇంట్లో చూసుకుందాంలే అనడానికి లేదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. తప్పనిసరి అయితే తెల్లవారి చల్లటి వేళ, జనం లేని చోట, కాసేపు అలా తిరిగి వచ్చేయండి.

మూడు నుంచి ఆరు నెలల బిడ్డను నీడలోనే ఉంచేటట్టయితే తీసుకెళ్లొచ్చు. నిజానికి బీచ్‌కు ఇదే సుఖమైన వయసు, పెట్టిన చోటే ఉంటారు! ఆరు నెలలు దాటి పాకడం మొదలయ్యాక ఎండతో పాటు ఇసుక కూడా పనిపెడుతుంది, ఎందుకంటే దొరికిందల్లా నోట్లోకి వెళ్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, గుండె లేదా ఊపిరితిత్తుల సమస్య, ఎగ్జిమా లాంటివి ఉన్నా ముందు పిల్లల డాక్టర్‌ను ఒక మాట అడగండి. ముందు రోజు జ్వరం, విరేచనాలు ఉంటే వాయిదా వేయండి. సముద్రం ఎక్కడికీ పోదు.

2. టైమ్ కుదుర్చుకోండి

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 మధ్య వెళ్లకండి. అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా ఉండేది అప్పుడే. టైమ్ చూసుకోవడం కుదరకపోతే మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు. ఫోన్‌లోని వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. అది 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎండ నుంచి రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పసిబిడ్డ ఉంది కాబట్టి ఆ అంకె 3 లోపు ఉన్న గంటల్నే ఎంచుకోండి.

మబ్బు పట్టిందని ధీమా పడొద్దు. పల్చటి మబ్బుల్లోంచి ఈ కిరణాలు చాలా వరకు కిందికి దిగుతాయి. సముద్రపు గాలి ఇంకో మాయ. గాలి తగులుతుంటే మనకు వేడి తెలియదు, చర్మం మాత్రం కమిలిపోతూనే ఉంటుంది.

ఉదయమా, సాయంత్రమా అంటే నేను ఉదయమే అంటాను. సాయంత్రానికి ఇసుక పగలంతా కాగి ఉంటుంది, జనం ఎక్కువ, చీకటి పడుతుంటే దోమలు, చిన్న చిన్న ఇసుక ఈగలు కుడతాయి. పైగా చాలామంది పసిపిల్లలకు సాయంత్రమే చికాకు ఎక్కువ. తెల్లవారు జామున ఇసుక చల్లగా ఉంటుంది, బిడ్డ కూడా మంచి మూడ్‌లో ఉంటుంది.

ఇక బిడ్డ టైమ్. నిద్ర లేచి, పాలు తాగి, డైపర్ మార్చిన వెంటనే బయల్దేరితే మీకు హాయిగా గడిచే గంట దొరుకుతుంది. నిద్రవేళకు అటూ ఇటూగా వెళ్తే ఆ గంటంతా ఊపడంతోనే సరి.

పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అన్నది కూడా చూసుకోండి. పోటు వచ్చే వేళ అయితే అరగంటకే నీళ్లు దుప్పటి దాకా వచ్చేస్తాయి, అప్పుడు మళ్లీ అంతా మోసుకుని వెనక్కి జరగాలి. ఇసుక ఎగిరేంత గాలి ఉన్న రోజు అసలు వెళ్లకండి, కళ్లలో పడిన ఇసుకతో బిడ్డ పడే బాధ చూడలేం. పెద్ద వాన కురిసిన తర్వాత రెండు రోజులు ఆ నీళ్లలో బిడ్డ కాలు కూడా పెట్టనీయకండి. ఊళ్లోని మురుగంతా కొట్టుకొచ్చి అక్కడే కలుస్తుంది.

3. బీచ్‌లో ఏ చోటు?

అందమైన చోటు పెద్దవాళ్లకు. బిడ్డతో వెళ్లేటప్పుడు చూడాల్సినవి వేరు: బండి ఆపే చోటు నుంచి ఎక్కువ నడవాల్సిన పని ఉండకూడదు, దగ్గర్లో టాయిలెట్, మంచినీళ్ల కుళాయి ఉండాలి, లైఫ్‌గార్డ్ ఉంటే ఇంకా మంచిది. చెట్ల నీడ ఉన్న తీరం దొరికితే వదలకండి, ఏ గొడుగూ దానికి సాటిరాదు.

కూర్చునే ముందు చుట్టూ ఒకసారి నడిచి చూడండి. గాజు పెంకులు, సిగరెట్ పీకలు, సీసా మూతలు, చేపల వలల ముక్కలు, కుక్కలు పాడుచేసిన చోట్లు కనిపిస్తే కాస్త దూరం జరగండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ కనిపిస్తే ఆ చుట్టుపక్కలే వద్దు. చచ్చి పడి ఉన్నదైనా దాని తీగలు తాకితే కుడుతుంది.

4. బట్టలు, ఆ తర్వాతే సన్‌స్క్రీన్

చాలామంది సన్‌స్క్రీన్ పూసేసి, ఇక భయం లేదనుకుంటారు. పసిపిల్లల విషయంలో వరస ఇది: ముందు నీడ, తర్వాత బట్టలు, చివరికి సన్‌స్క్రీన్.

పొడుగు చేతులు, పొడుగు కాళ్లు ఉండే వదులైన, తేలికైన బట్టలు వేయండి. నేత దగ్గరగా ఉండాలి. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలివి కనిపిస్తున్నాయంటే ఎండ కూడా అంతే దూరుతుంది. యూపీఎఫ్ 50 అని రాసిన ఎండ బట్టలు దొరుకుతాయి. అంటే కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తాయని. కొనాలనుంటే కొనండి, లేకపోతే మామూలు దగ్గర నేత కాటన్ చొక్కా సరిపోతుంది. తడిసిన కాటన్ మాత్రం అంతగా ఆపదు, కాబట్టి తడిస్తే మార్చేయండి.

టోపీ అంచు చుట్టూరా ఉండాలి. ముందు మాత్రమే ఉండే క్యాప్ పెడితే చెవులు, మెడ వెనక భాగం బయటే ఉండిపోతాయి. వెనక మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ ఇంకా నయం. అంచు మెత్తగా ఉంటే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టినా టోపీ ముందుకు జరిగి కళ్ల మీద పడదు. పిల్లలు టోపీ పీకేస్తారు, మీరు మళ్లీ పెడతారు, ఇది అలా జరుగుతూనే ఉంటుంది.

ఇక సన్‌స్క్రీన్. ఆరు నెలల లోపు బిడ్డకు మామూలుగా పూయకూడదు. వాళ్ల చర్మం పల్చన, ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందువల్ల పూసిన మందు ఒంట్లోకి ఎక్కువగా ఇంకే అవకాశం ఉంది. నీడా బట్టలూ ఎంత చూసుకున్నా ముఖం, చేతుల వెనక భాగం బయట ఉండక తప్పకపోతే అక్కడ మాత్రం కొద్దిగా రాయొచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటుంది. మీ డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది, జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్నది తీసుకోండి. ఇవి చర్మం మీదే ఉండి పనిచేస్తాయి, మంట పుట్టించడం తక్కువ. ముందు రోజే చేతి మీద ఒక చుక్క రాసి, ఎర్రబడుతుందేమో చూడండి. బయల్దేరడానికి పావుగంట ముందు పూయండి, రెండు గంటలకోసారి, తడిసిన ప్రతిసారీ మళ్లీ పూయండి. చేతులు నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి అరచేతులకు వద్దు, చేతుల వెనకవైపు చాలు. స్ప్రే రకం వద్దే వద్దు, ఆ తుంపర ఊపిరిలోకి పోతుంది.

దోమల మందు కలిసిన సన్‌స్క్రీన్ కూడా కొనొద్దు. సన్‌స్క్రీన్ పదే పదే పూయాలి, దోమల మందు అలా పూయకూడదు. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రెండు నెలల లోపు పిల్లలకు అసలు వాడకూడదు. చిన్న దోమతెర ఒకటి పట్టుకెళ్తే ఏ గొడవా ఉండదు.

5. బ్యాగ్ సర్దడం

రెండు బ్యాగులు వేరుగా పెట్టుకోండి: ఒకటి బిడ్డది, ఒకటి మీది. డైపర్లు మామూలుగా పట్టేవాటికి రెండింతలు, రెండు జతల బట్టలు, రెండు టవళ్లు, పెద్ద దుప్పటి, తడిబట్టలకు ఓ కవరు, పాలకు కావాల్సినవి, రెండు లీటర్ల మంచినీళ్లు, థర్మామీటర్, డైపర్ క్రీమ్. నీళ్లలోకి దించే ఆలోచన ఉంటే స్విమ్ డైపర్. మామూలు డైపర్ సముద్రపు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, బరువుకు జారిపోతుంది. స్విమ్ డైపర్ మలాన్ని మాత్రమే ఆపుతుంది, మూత్రం బయటికి పోతుంది, కాబట్టి దారిలో కారులో దాన్ని వేయకండి. సీటంతా తడుస్తుంది.

బొమ్మలు ఒకటో రెండో చాలు. ఆ వయసు బిడ్డకు ఇసుకే పెద్ద బొమ్మ.

నలుగురూ పట్టుకెళ్లేదే అయినా బిడ్డ బండి బీచ్‌లో పెద్దగా పనికిరాదు. మెత్తటి ఇసుకలో చక్రాలు దిగబడిపోతాయి. బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ నయం, కానీ అందులో మీ ఒంటి వేడి కూడా బిడ్డకు తగులుతుంది. ఎండ తక్కువగా ఉన్నప్పుడు, నడిచేంతసేపు మాత్రమే అందులో పెట్టండి. బిడ్డ ముఖం మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకోకూడదు.

6. నీడ వేయడం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. గొడుగు పాతేసి కింద కూర్చుంటే పని అయిపోయిందనుకుంటాం. పొడి ఇసుక దాని మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 15 శాతాన్ని, సముద్రపు నురుగు 25 శాతం వరకూ తిరిగి పైకి పంపుతాయి. అందుకే గొడుగు నీడలో ఉన్న బిడ్డకు కూడా టోపీ, పొడుగు చేతుల చొక్కా ఉండాల్సిందే.

మూడు వైపులా మూసి ఉండే చిన్న బీచ్ టెంట్ అయితే పక్కల నుంచి వచ్చే వెలుతురునూ ఆపుతుంది, ఎగిరే ఇసుకనూ ఆపుతుంది. కాకపోతే గాలి ఆడకపోతే లోపల ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కిటికీలున్నది, లేదా వెనక వైపు తెరుచుకునేది చూసుకోండి. ఐదు నిమిషాలకోసారి మీ తల లోపల పెట్టి చూడండి, మీకు ఉక్కపోస్తే బిడ్డకు అంతకన్నా ఎక్కువగా ఉన్నట్టే.

గొడుగు అయితే కర్రను బాగా లోతుగా, ఊపుతూ దించండి. గాలి వచ్చే వైపుకు వంచి పెట్టండి, అటువైపు తిప్పి ఉంటే గాలి గొడుగును నేలకే నొక్కుతుంది. లేదంటే ఎత్తేసి పక్కవాళ్ల మీద పడేస్తుంది. కర్ర మొదట్లో ఇసుక నింపిన సంచి కట్టేస్తే మంచిది. ఇంకోటి, నీడ కదులుతుంది. వచ్చినప్పుడు బిడ్డ నీడలోనే ఉంటుంది, ఇరవై నిమిషాలకు కాళ్లు ఎండలో ఉంటాయి. సూర్యుడు ఎటు జరుగుతాడో ముందే చూసుకోండి, నీడ దానికి ఎదురు వైపుకు జరుగుతుంది, బిడ్డను ఆ వైపు నీడలో పడుకోబెట్టండి, మధ్యమధ్యలో కాళ్లూ చేతులూ తడిమి చూడండి.

బిడ్డ బండి మీద గానీ, బిడ్డను పడుకోబెట్టి మోసే క్యారీకాట్ మీద గానీ పల్చటి గుడ్డ కప్పే అలవాటు మానుకోండి. చూడ్డానికి చల్లగా కనిపిస్తుంది గానీ లోపల గాలి ఆగిపోయి వేడి త్వరగా పెరుగుతుంది, పైగా బిడ్డ మొహం మీకు కనబడదు.

7. ఇసుకతో సర్దుకుపోవడం

ఇసుక అన్ని చోట్లకూ చేరుతుంది. అడ్డుకోవడం మన వల్ల కాదు, కొంచెం తగ్గించుకోవచ్చు అంతే. నాకు నచ్చిన చిట్కా ఒకటుంది. పరుపు చుట్టూ ఎలాస్టిక్‌తో బిగుసుకునే దుప్పటిని తిరగేసి పరచండి. నాలుగు మూలల్లో బ్యాగులు పెట్టండి. అంచులు పైకి లేచి గోడలాగా నిలబడతాయి, బిడ్డకు ఇసుక లేని చిన్న గది తయారవుతుంది. మీ చెప్పులు మాత్రం బయటే వదలండి.

బిడ్డను దించే ముందు మీ చేతి వెనకభాగం ఇసుక మీద ఆనించి చూడండి. ఐదు సెకన్లు ఆనించలేకపోతే బిడ్డను అక్కడ దించొద్దు. ఉత్త ఒంటితో పొడి ఇసుకలో కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. కుక్కలూ పిల్లులూ తిరిగే చోట వాటి మలంలోని కొంకిపురుగు పిల్లలు చర్మంలోకి దూరి, గీతలు గీతలుగా దురద లేపుతాయి. పోటు వచ్చి కడిగి వెళ్లిన తడి ఇసుక కొంత నయం. డైపర్, ప్యాంటు రెండూ ఉంచే కూర్చోబెట్టండి.

నోట్లో గుప్పెడు ఇసుక పెట్టుకుంటే ఏం చేయాలి? కంగారు వద్దు. వేలితో లోపలికి తోయకుండా, కనిపించినంత వరకు తడిగుడ్డతో తుడిచేయండి. లోపలికి పోయిన కొంచెం ఇసుక మామూలుగా బయటికి వచ్చేస్తుంది. భయపడాల్సింది రాళ్లు, గవ్వలు, మూతలతోనే, గొంతుకు అడ్డం పడేవి అవే. సిగరెట్ పీక నమిలిందని అనుమానం వస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి, అందులో మిగిలే నికోటిన్ పసిబిడ్డకు విషం.

కళ్లలో ఇసుక పడితే బిడ్డ చేతులు పట్టుకోండి, కళ్లు నులమనీయకండి. తల పక్కకు వంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మంచినీళ్లు సన్నగా పోయండి. కడిగినా కన్ను తెరవకపోతే, ఎర్రగానే ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

పెద్ద పిల్లలు కూడా మీతో ఉంటే వాళ్లు తవ్వే గోతుల మీద కన్నేసి ఉంచండి. మోకాలి లోతు దాటనీయొద్దు. ఇసుక గోడ కూలితే క్షణాల్లో కప్పేస్తుంది, పాకే బిడ్డ అందులో పడినా ప్రమాదమే.

8. పాలు, నీళ్లు

ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండగా ఉన్నా విడిగా మంచినీళ్లు పట్టొద్దు. చిన్న మూత్రపిండాలు ఆ నీళ్లను తట్టుకోలేవు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కావాల్సిన నీళ్లన్నీ పాలలోనే ఉన్నాయి, మామూలు కన్నా తరచుగా పట్టండి. తల్లిపాలు తాగే బిడ్డ కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు అడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఇచ్చే అమ్మ కూడా నీళ్లు బాగా తాగాలి, ఇది అందరూ మర్చిపోతారు. ఆరు నెలలు దాటితే పాలతో పాటు గుక్కెడు గుక్కెడు నీళ్లు ఇవ్వొచ్చు.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. బీచ్‌లో అంత చల్లగా ఎక్కడుంటుంది? ఐస్ ప్యాక్‌లు పెట్టిన కూలర్ బ్యాగ్‌లో పెట్టుకుంటే రోజంతా భయం లేదు. డబ్బా పాలైతే కలిపిన రెండు గంటల్లోపు, బిడ్డ మూతి పెట్టాక గంటలోపు వాడేయాలి, మిగిలింది పారేయాలి. వేడిలో ఈ టైమ్ ఇంకా తగ్గించుకోండి. కలిపి తీసుకెళ్లే బదులు పొడి కొలిచి చిన్న డబ్బాలో వేరుగా, కాచిన వేడినీళ్లు ఫ్లాస్కులో వేరుగా పట్టుకెళ్లి అక్కడే కలపండి. పొడి కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, పొడిలో ఉండే సూక్ష్మజీవులు చావడానికి. తర్వాత సీసాను చల్లటి నీళ్లలో ఆడించి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. ఇదంతా గొడవ అనిపిస్తే, కలిపే పని లేకుండా సీసాలో వచ్చే ద్రవరూపం ఫార్ములా దొరికితే ఆ రోజుకు అదే తీసుకోండి.

9. వేడి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది

బిడ్డ నోటితో చెప్పలేదు, చెమట కూడా మనలా పట్టదు. కాబట్టి మీరే చూస్తుండాలి. చేతులూ కాళ్లూ తాకి చూస్తే తప్పు లెక్క వస్తుంది, మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టండి. అక్కడ వేడిగా, జిగటగా ఉంటే ఓ పొర బట్టలు తగ్గించి, చల్లటి నీడకు తీసుకెళ్లి పాలు పట్టండి.

ఊరికే చికాకు పడుతూ పాలు వద్దంటుంటే, ముఖం కందిపోతే, పెదాలు ఎండిపోతే ఇంక ఆలోచించకుండా ఇంటికి బయల్దేరండి. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, మాడు లోపలికి గుంటపడినట్టు కనిపించినా ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట, డాక్టర్‌కు చూపించాలి. బిడ్డ వేలాడిపోతున్నా, లేపినా సరిగా లేవకపోయినా, వాంతులు అవుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అత్యవసరం కిందే లెక్క. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చే లోపు బట్టలు విప్పి, చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. ఐస్ నీళ్లు పోయకండి. మందమైన నిద్రను "హమ్మయ్య, పడుకుంది" అనుకోవడమే వేడిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

10. నీళ్ల దగ్గర

ఆరు నెలల దాకా సముద్రంలో దించకండి. పసిపిల్లల ఒళ్లు చాలా త్వరగా చల్లబడిపోతుంది, నీళ్లు మీకు హాయిగా అనిపించినా వాళ్లకు చల్లనే. ఆ తర్వాత కూడా మొదటిసారి అంచున, అల వచ్చి ఆగిపోయే చోట, కాళ్లు తడిసేంతే. కొందరికి అలల మోతే భయం, అలా ఏడిస్తే వెనక్కి వచ్చేయండి, బలవంతంగా అలవాటు చేయాల్సిన పని లేదు. ఐదు నిమిషాలు చాలు. పెదాలు నీలంగా మారినా, వణుకు కనిపించినా టవల్‌తో చుట్టేసి పొడిబట్టలు వేయండి.

బిడ్డను ఎత్తుకుని ఉన్నప్పుడు మీరు చీలమండ లోతు దాటకండి. మోకాలి ఎత్తు అల పెద్దవాళ్లనే పడేస్తుంది, పడేటప్పుడు చేతుల్లో బిడ్డ ఉంటే పట్టుకోవడానికి చేతులుండవు. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలకు నిలబడటం అస్సలు వద్దు. బిడ్డను ఒంటికి కట్టుకున్న క్యారియర్‌తో నీళ్లలోకి దిగొద్దు, మీరు పడితే విప్పడం కుదరదు. గాలి నింపిన ట్యూబులు, చేతుల పట్టీలు ఆటబొమ్మలే, ప్రాణం కాపాడే సాధనాలుగా నమ్మొద్దు.

లైఫ్‌గార్డులున్న తీరాల్లో ఎరుపు పసుపు జెండాల మధ్య ప్రాంతమే వాళ్లు కాపలా కాసేది. ఎర్రజెండా ఉంటే అంచుకు కూడా వెళ్లకండి. ఊదారంగు జెండా ఉంటే నీళ్లలో జెల్లీఫిష్ లాంటి కుట్టే జీవులున్నాయని అర్థం.

అలల తలనొప్పి వద్దనుకుంటే గాలి నింపే బుల్లి టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, నీడలో పెట్టి ఆడించండి. అందులోనూ చెయ్యి అందేంత దూరం దాటి పోవద్దు. రెండు అంగుళాల నీళ్లలోనూ పసిబిడ్డ మునిగిపోగలదు, అదీ చప్పుడు లేకుండా. ఆట అయిపోగానే టబ్బు బోర్లించేయండి.

ఇంతమంది పెద్దవాళ్లున్నా ప్రమాదాలు ఎందుకు జరుగుతాయంటే, ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. అందుకని మాటల్లో చెప్పుకోండి: "ఇప్పుడు పాప నీ దగ్గర", "సరే, నా దగ్గర". బిడ్డ బాధ్యత ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

11. అక్కడే నిద్రపోతే

చదునైన, గట్టి చోట వెల్లకిలా పడుకోబెట్టండి. మెత్తటి ఇసుక మీద పరిచిన దుప్పటి గుంటపడుతుంది, బిడ్డ బోర్లాపడితే ముక్కు అందులో కూరుకుపోవచ్చు. కింద ఇసుకను అరచేత్తో బాగా చదును చేసి గట్టిపరచండి, పక్కనే కూర్చోండి. మీరు కూడా కునుకు తీయాలనుకుంటే ఇంకొకరిని లేపి కూర్చోబెట్టాకే.

12. తిరుగు ప్రయాణం, ఆ తర్వాత

కారు ఎండలో ఉండి ఉంటే ముందు తలుపులన్నీ తీసి, ఏసీ వేసి, చల్లబడ్డాకే బిడ్డను ఎక్కించండి. సీటు బెల్టు ఇనుప భాగాలు చేత్తో తాకి చూడండి, తొడకు తగిలితే బొబ్బ లేస్తుంది. సామాను పెట్టేలోపు అని "ఒక్క నిమిషం" కూడా కారులో బిడ్డను ఒంటరిగా వదలొద్దు. మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది.

ఒంటి మీది ఇసుకను తడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో గీకినట్టే. ముందు ఆరనిచ్చి మెత్తటి పొడి గుడ్డతో దులపండి, లేదా నీళ్లు ధారగా పోసి కడిగేయండి. ఇసుక వదలడానికి పౌడర్ చల్లే అలవాటు ఉంటే మానుకోండి, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డైపర్ తప్పకుండా మార్చండి, మడతల్లో చిక్కిన ఇసుక అక్కడే ఒరుసుకుని పుండవుతుంది.

ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో స్నానం. మెడ మడతలు, చంకలు, తొడల మడతలు, కాలివేళ్ల మధ్య విప్పి కడగండి. ఉప్పు ఉండిపోతే చర్మం పొడిబారి దురద పెడుతుంది. తుడిచాక రోజూ వాడే మాయిశ్చరైజర్ రాయండి, పాలు పట్టండి.

ఎండకు కమిలిన మచ్చలు అప్పటికప్పుడు కనిపించవు, కొన్ని గంటల తర్వాత తేలి, మర్నాటికి బాగా ఎర్రబడతాయి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు, పొద్దున లేచాక ముఖం, చెవులు, పాదాల పైభాగం చూడండి. ఏడాది లోపు బిడ్డకు ఎంత కొంచెం కమిలినా డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా అదే రోజు తీసుకెళ్లి చూపించండి. ఈలోగా చల్లటి తడిగుడ్డ వేయొచ్చు, ఐస్ నేరుగా పెట్టొద్దు, మొద్దుబార్చే క్రీములు పూయొద్దు.

మర్నాడు కారు సీటు బకిల్ ఒకసారి తలకిందులు చేసి దులపండి. అందులో ఇసుక ఇరుక్కుంటే బెల్టు పడ్డట్టే కనిపించి పూర్తిగా పడదు. క్లిక్‌మని చప్పుడు వచ్చేదాకా పెట్టి, గట్టిగా లాగి చూసి, ఆ తర్వాతే బిడ్డను కూర్చోబెట్టండి.